పట్టుబడ్డవాణ్ని కెమెరా ముందు నిలబెట్టడం: మనవాడైతే ఒకటి, పగవాడైతే ఇంకొకటా?

గోదావరి_గట్టు
నిన్న రాత్రి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మా బావమరిది ఒక పాత వీడియో పెట్టాడు. 2003 డిసెంబర్‌లో సద్దాం హుస్సేన్ దొరికాక అమెరికా వాళ్లు ప్రపంచానికి చూపించినది. మాసిన గడ్డం, చింపిరి జుట్టు. గ్లవ్స్ వేసుకున్న ఒకతను ఆ జుట్టు పాయలు తీసి పేలు చూసినట్టు చూస్తాడు. తర్వాత నోరు తెరిపించి, పుల్లతో నాలుక నొక్కి, టార్చి వేసి లోపలంతా చూస్తాడు. సంతలో ఎద్దు పళ్లు చూసి బేరమాడినట్టుంది. కింద మా వాళ్లు పెట్టిన నవ్వే బొమ్మలు పద్నాలుగో పదిహేనో ఉన్నాయి.

నాకు నవ్వు రాలేదు. 2019 ఫిబ్రవరి 27న ఇదే గ్రూపులో, పాకిస్తాన్‌కు చిక్కిన మన పైలట్ అభినందన్ వీడియో వచ్చింది. కళ్లకు గంతలు, ముఖం నిండా రక్తం. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. 'చేతికి చిక్కినవాణ్ని ఇలా వీడియో తీస్తారా, వీళ్లు మనుషులేనా' అని గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టింది ఈ బావమరిదే.

సద్దాం మంచివాడని నేను అనడం లేదు. యుద్ధంలో పట్టుబడ్డవాడికి ఉండే హక్కులేంటి? వాడు ఎంత పేరున్నవాడు, ఎంత చెడ్డవాడు అన్నదాన్ని బట్టి అవి మారతాయా? తెలిసినవాళ్లు చెప్పండి. గ్రూపులో అడిగితే 'నీకెందుకు బావా అంత బాధ' అన్నాడు.

బెజవాడ_కుర్రాడు
ఈ రెండిటికీ పోలికేంటి సార్? అభినందన్ డ్యూటీ చేస్తున్న పైలట్. సద్దాం సైన్యం 1988లో కుర్దుల ఊరు హలబ్జా మీద విషవాయువు వదిలింది. ఒక్కరోజులో దాదాపు 5,000 మంది, చంకలో పిల్లలతో సహా, వీధుల్లో పడి చచ్చిపోయారు. అలాంటివాడి నోట్లో టార్చి వేశారని మనం బాధపడాలా? ఆ వీడియో చూసి అక్కడి తల్లుల కడుపు కాస్తయినా చల్లబడి ఉంటుంది.

అల్లం_టీ
అభినందన్ అనగానే మా ఆఫీసులో అందరికీ టీ గుర్తొస్తుంది. క్యాంటీన్‌లో కప్పు ఎత్తినవాడల్లా ఆయన పాక్ వీడియోలో అన్న 'టీ అద్భుతంగా ఉంది' డైలాగే కొడతాడు.

మిలిటరీ_మాధవరం
ఆ మాట అన్నప్పుడు ఆయన కన్ను వాచి ఉంది తమ్ముడూ. ఏ విమానం, పని ఏంటి అని అడిగితే 'అది మీకు చెప్పకూడదు' అన్నాడు చూడు, గుర్తుపెట్టుకుంటే అది గుర్తుపెట్టుకో. పట్టుబడిన సైనికుడు చెప్పాల్సినవి నాలుగే: పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సర్వీసు నంబరు. ట్రైనింగ్‌లో మాకు బట్టీ పట్టించేవాళ్లు.

అల్లం_టీ
నిజమే అన్నా. ఇంక ఆ డైలాగ్ కొట్టను.

లాయరు_అక్క
గోదావరి గారి ప్రశ్నకు సూటి జవాబే ఉంది. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం, 13వ అధికరణం. యుద్ధఖైదీని హింస నుంచి, బెదిరింపుల నుంచి, అవమానాల నుంచి, జనం వింతగా గుమిగూడి చూడటం నుంచి కాపాడే బాధ్యత పట్టుకున్న దేశానిది. ఈ 'వింత చూడటం' అన్న మాట 1929 ఒప్పందంలోనే ఉంది, అంటే టీవీలు ఇళ్లల్లోకి రాకముందే. ఖైదీలను వీధుల్లో ఊరేగించి జనం చేత ఉమ్మేయించే అలవాటును ఆపడానికి పెట్టారు. రాసుకున్నాక కూడా ఆగలేదనుకోండి, 1944 జులైలో మాస్కో వీధుల్లో దాదాపు 57,000 మంది జర్మన్ ఖైదీలను నడిపించారు.

మంచివాడైతేనే ఈ రక్షణ అన్న షరతు అందులో ఎక్కడా లేదు. ఇరాక్ సైన్యానికి సర్వసేనాని కాబట్టి సద్దాం యుద్ధఖైదీయేనని 2004 జనవరిలో అమెరికా రక్షణ శాఖే ఒప్పుకుంది. ఫిబ్రవరిలో రెడ్‌క్రాస్ వాళ్లు వెళ్లి చూసి వచ్చారు.

ఇంకో సంగతి. ఆ టార్చి వీడియోకు తొమ్మిది నెలల ముందు, 2003 మార్చిలో, నాసిరియా దగ్గర దొరికిన అమెరికా సైనికులను ఇరాక్ టీవీ చూపించింది. భయంతో బిక్కచచ్చిపోయిన ముఖాలు. ఇది జెనీవా ఒప్పందానికి విరుద్ధమని అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ అప్పుడు మండిపడ్డాడు. మీ బావమరిది చేసిందే ఆ ప్రభుత్వమూ చేసింది.

బెజవాడ_కుర్రాడు
అక్కా, దొరికాడని జనం నమ్మాలి కదా? చూపించకపోతే 'డూప్‌ను పట్టుకున్నారు' అని పుకార్లు పుట్టేవి. వాడు మళ్లీ వస్తాడేమోనన్న టెన్షన్‌లో జనం నోరు విప్పేవాళ్లు కాదు.

లాయరు_అక్క
నమ్మించడానికి ముఖం కనిపించే ఒక ఫోటో చాలు. నాలుక కింద ఏముందో ప్రపంచానికి ఎందుకు?

పాత_పేపర్లు
గోదావరి గారు ఎద్దు అన్నారు. అప్పట్లో వాటికన్ కార్డినల్ రెనాతో మార్తినో కూడా దాదాపు అదే అన్నాడు, ఆవు పళ్లు చూసినట్టు చూశారు, జాలేసింది అని. యుద్ధాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు లెండి. 'సద్దాం మీద జాలా' అని ఆయన మీద కూడా విరుచుకుపడ్డారు.

అక్కడితో ఆగలేదు. 2005 మేలో లోదుస్తులతో ఉన్న సద్దాం ఫోటో ఒక బ్రిటిష్ పత్రిక మొదటి పేజీలో వచ్చింది. దాన్ని అమెరికా సైన్యమే ఖండించి, విచారణ జరుపుతామంది. 2006 డిసెంబర్ 30న ఉరి తీసేటప్పుడు ఎవరో సెల్‌ఫోన్‌తో తీశారు. మెడకు ఉరితాడు ఉండగా కింద నిలబడ్డవాళ్లు ఎగతాళి చేస్తున్న మాటలు అందులో వినిపిస్తాయి. దుజైల్‌లో 148 మందిని చంపించిన కేసులో కోర్టు వేసిన శిక్ష అది. కానీ ఆ వీడియో చూసినవాళ్లకు గుర్తున్నది ఆ ఎగతాళి. దుజైల్ పేరు మన దగ్గర ఎంతమందికి తెలుసు?

నర్సు_విజయ
నేను ప్రభుత్వాసుపత్రిలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నా. నోరు తెరిపించి టార్చి వేసేటప్పుడు ఓపీ రద్దీలో కూడా పక్కవాళ్లను కాస్త జరగమంటాం. పళ్లు పుచ్చి ఉంటాయి, వాసన వస్తుంది, మనిషి సిగ్గుపడతాడు.

ఒకసారి టీవీల్లో పేరు మోగిపోతున్న హత్య కేసులో నిందితుణ్ని మా వార్డుకు తెచ్చారు. కాలికి గొలుసు వేసి మంచానికి కట్టారు. తొడ మీద పెద్ద గాయం. డ్రెస్సింగ్ మార్చడానికి దుప్పటి తీయబోతుంటే తలుపు సందులోంచి ఫోను లోపలికి వచ్చింది. డ్రెస్సింగ్ ట్రే చేత్తో పట్టుకుని అడ్డం నిలబడ్డా. 'వాడేం చేశాడో తెలుసా మేడం' అన్నాడు తీస్తున్నవాడు. తెలుసు. నాకూ ఆడపిల్లలున్నారు. ఆ రోజు ఇంటికెళ్లి చాలాసేపు చేతులు కడుక్కున్నా. అయినా ఆ గాయం నా ముందున్నంతసేపూ వాడు నాకు పేషెంటే.

అందుకే ఆ వీడియోలో నేను సద్దాంను చూడను. ఆ గ్లవ్స్ వేసుకున్న మనిషిని చూస్తాను. కెమెరా తీసెయ్యండి అని ఆయన ఎందుకు అనలేదా అని.

గోదావరి_గట్టు
విజయ గారూ, ఆ ట్రే సంగతి చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. దండమండి.

ఓరుగల్లు_రమ
నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమనుకోకండి.

మా నాయనమ్మది జనగామ దగ్గర పల్లె. 1948 సెప్టెంబర్‌లో మిలిటరీ వచ్చిందని విన్నా, రజాకార్లు మళ్లీ రారని ఎవరూ నమ్మలేదట. వాళ్ల నాయకుడు కాశిం రజ్వీని పట్టుకున్నారంటే 'ఎవరు చూసిన్రు' అని అడిగారట. చాలా నెలలు పొద్దుగూకగానే తలుపుకు రోకలి అడ్డం పెట్టుకుని పడుకున్నారు. భయంలో బతికినవాళ్లకు కళ్లతో చూస్తేగానీ ఆ భయం పోదు. లాయరు అక్క ఒక ఫోటో చాలు అన్నది చట్టానికి చాలు. మా నాయనమ్మకు చాలకపోయేది. బెజవాడ తమ్ముడి మాటను అంత తేలిగ్గా తీసెయ్యకండి.

ఇక పేరున్న ఖైదీల సంగతి. రజ్వీ మీద కోర్టులో కేసు నడిచింది, శిక్ష పడింది, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. నిజాం ప్రధాని లాయక్ అలీని హైదరాబాద్‌లో ఇంట్లోనే నిర్బంధించారు. 1950 మార్చిలో కాపలావాళ్ల కళ్లుగప్పి తప్పించుకుని పాకిస్తాన్‌లో తేలాడు. అదే రోజుల్లో ఏ పేరూ లేని మామూలు ముస్లింలు సంస్థానం ఊళ్లల్లో ఎంతమంది చచ్చిపోయారో భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ లెక్క చెప్పింది: తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది. పెద్దవాడికి బంగళా, గేటు దగ్గర కాపలా. వాడి పేరు చెప్పి చిన్నవాడి మీద పగ తీర్చుకున్నారు. పట్టుబడ్డ పెద్దవాళ్ల మర్యాద గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ రెండో లెక్క కూడా పక్కన ఉండాలి.

అల్లం_టీ
నిజాం ప్రధాని మన వాళ్ల కాపలాలోంచి తప్పించుకున్నాడా! మా స్కూలు పుస్తకంలో ఈ ముక్క లేదు రమక్కా.

మిలిటరీ_మాధవరం
తప్పించుకోవడం యుద్ధఖైదీకి నేరం కాదు తెలుసా. ప్రయత్నించి దొరికిపోతే క్రమశిక్షణ చర్య ఒక్కటే తీసుకోవాలి, అదీ 30 రోజులకు మించకూడదు. 1972 ఆగస్టులో మన పైలట్లు దిలీప్ పారుల్కర్, గరేవాల్, హరీష్ సిన్హ్‌జీ రావల్పిండి క్యాంపు గోడకు కన్నం వేసి బయటపడ్డారు. అఫ్గాన్ సరిహద్దుకు కూతవేటు దూరంలో లండీకోటల్ దాకా వెళ్లి దొరికిపోయారు. ఆ ఏడాది చివర్లో మిగతా వాళ్లతో పాటు ఇంటికి వచ్చారు.

నా సంగతి చెబుతాను, కాస్త పెద్దది. మా ఊరి పేరు వింటేనే అర్థమవుతుంది, ఇంటికొకరు సైన్యంలో ఉంటారు. మా నాన్నా సైన్యమే. 1972లో ఆయన్ని యుద్ధఖైదీల క్యాంపు కాపలాకు వేశారు. 1971 యుద్ధంలో లొంగిపోయిన పాకిస్తాన్ సైనికులూ, వాళ్లతో ఉన్న సివిలియన్లూ కలిపి దాదాపు 93,000 మంది. రాంచీ, రూర్కీ, మీరట్, ఆగ్రా, గ్వాలియర్ ఇలా చాలాచోట్ల క్యాంపులు పెట్టారు. వాళ్ల సేనాని జనరల్ నియాజీని జబల్‌పూర్‌లో ఉంచారు.

నాన్నకు మొదట్లో ఒళ్లు మండిపోయేదట. తూర్పు బెంగాల్‌లో ఏం జరిగిందో అప్పటికే అందరికీ తెలుసు. కానీ ఆర్డరు ఆర్డరే. వాళ్ల ఆఫీసర్ల ర్యాంకు బ్యాడ్జీలు లాక్కోకూడదు. ఆఫీసర్ల చేత బలవంతంగా పని చేయించకూడదు. ఒప్పందం ప్రకారం ఖైదీని నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకోనివ్వాలి. జీతం అడ్వాన్సు కూడా ఉంది, స్విస్ ఫ్రాంకుల్లో: సిపాయికి నెలకు 8, జనరల్‌కు 75. శత్రు ఆఫీసరు మన క్యాంపు కమాండెంటుకు సెల్యూట్ కొట్టాలి, అలాగని మన సిపాయి అతణ్ని 'ఒరే' అనకూడదు. నాన్నకు అన్నిటికంటే కష్టంగా తోచింది ఈ చివరిదేనట.

1974 ఏప్రిల్ 30న నియాజీ వాఘా దాటాడు. ఆయన్ని మన వాళ్లు కొట్టారనో ఆకలితో మాడ్చారనో చెప్పుకునే పరిస్థితి రానివ్వలేదు. దానికి నాన్న గర్వపడేవాడు. యుద్ధం గెలిచినదానికంటే ఎక్కువ అని కూడా అనేవాడు, అది మాత్రం నేను ఒప్పుకునేవాణ్ని కాదు.

బెజవాడ_కుర్రాడు
మీ నాన్నగారికి దండం అన్నా. కానీ రెండు అడుగుతా.

ఒకటి, 1971 డిసెంబర్ 16 ఫోటో. ఢాకా రేస్‌కోర్సు మైదానం, నియాజీ తలవంచి సంతకం పెడుతుంటే చుట్టూ కెమెరాలు, జనం. దాన్ని మనం గర్వంగా గోడకు తగిలించుకుంటాం. అది వింత చూడటం కాదా?

రెండు, కార్గిల్‌లో సౌరభ్ కాలియాను, ఆయనతో ఉన్న ఐదుగురు జవాన్లను పట్టుకుని ఏం చేశారు? 1999 జూన్ 9న శవాలు అప్పగించారు. ఆ శరీరాల మీద ఏముందో చదివితే నిద్రపట్టదు. 93,000 మందిని మనం అల్లుళ్లలా చూసుకుంటే మనకు దక్కింది అదా?

లాయరు_అక్క
మొదటిది నిజంగా కష్టమైన ప్రశ్న. సంతకం పెట్టేటప్పటికి ఆయన ఒక సైన్యానికి అధిపతి, అది రెండు సైన్యాల మధ్య బహిరంగంగా జరిగిన తంతు. అయ్యాక జనం మీదికి వస్తుంటే మన సైనికులే చుట్టూ నిలబడి ఆయన్ని క్షేమంగా తీసుకెళ్లారు. అందుకే టార్చి వీడియోతో సమానం కాదంటాను. కానీ గీత సరిగ్గా ఎక్కడ గీయాలో నాకు పూర్తిగా తృప్తి కలిగేలా తేలలేదు, ఒప్పుకుంటున్నా.

రెండోదానిలో నాకు ఏ సందేహమూ లేదు. కాలియాకు, ఆ ఐదుగురికి జరిగింది యుద్ధనేరం. అవతలివాడు తప్పితే మనమూ తప్పొచ్చని మాత్రం ఒప్పందం అనదు. ఖైదీల మీద ప్రతీకారం నిషేధమని ఆ 13వ అధికరణంలోనే రాసి ఉంది.

అదే కార్గిల్‌లో ఇంకొకటి జరిగింది. ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత, ఇంటిపేరు కంబంపాటి, మన తెలుగు పేపర్లన్నీ రోజూ రాశాయి. మే 27న మిగ్-27 ఇంజన్ ఆగిపోయి పారాచూట్‌తో దూకాడు. పట్టుకున్న సైనికులు కొడుతుంటే వాళ్ల అధికారి ఒకాయన వచ్చి ఆపాడని తర్వాత నచికేతే చెప్పాడు. జూన్ 3న రెడ్‌క్రాస్ ద్వారా వదిలిపెట్టారు. కాలియా దగ్గరికి అలాంటి అధికారి ఎవరూ రాలేదు.

మిలిటరీ_మాధవరం
పేరున్న ఖైదీ అంటే మా వాళ్లందరూ ముందు చెప్పేది 1965 సంగతి. ఫీల్డ్ మార్షల్ కరియప్ప కొడుకు పైలట్, యుద్ధం ఆఖరి రోజుల్లో విమానం కూలి పాకిస్తాన్‌కు చిక్కాడు. అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ దేశ విభజనకు ముందు కరియప్ప కింద పనిచేసినవాడు. మీ అబ్బాయిని వదిలేస్తామని కబురు పెట్టాడు. అక్కడున్న ఖైదీలందరూ నా కొడుకులే, వదిలితే అందరినీ వదలండి, నా వాడికి ప్రత్యేకంగా ఏమీ వద్దు అని ఆయన జవాబు. ఆ తండ్రికి ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో మాత్రం ఎవరూ చెప్పరు.

టెక్సాస్_తెలుగు
మాధవరం గారి మాటకు ఇక్కడ సరిజోడు అమెరికా నేవీ పైలట్ జాన్ మెక్కెయిన్. 1967 అక్టోబర్‌లో హనోయ్‌లో విమానం కూలి చెరువులో పడ్డాడు. మరుసటి ఏడాది తండ్రి పసిఫిక్ దళాల అధిపతి అయ్యాడు. వియత్నాం వాళ్లు ముందే వదిలేస్తామన్నారు. నాకంటే ముందు పట్టుబడ్డవాళ్లు ముందు వెళ్లాలి అని కాదన్నాడు. ఐదున్నరేళ్లు అక్కడే. ఆ దెబ్బలకు జీవితాంతం చేతులు తలపైకి ఎత్తలేకపోయాడు.

మా ఊరి పోస్టాఫీసు ముందు అమెరికా జెండా కింద నల్లజెండా ఒకటి ఉంటుంది. తలవంచుకున్న మనిషి నీడ, వెనక ముళ్లకంచె, కాపలా బురుజు. తిరిగిరాని యుద్ధఖైదీల గుర్తు అది. నా కూతురు చిన్నప్పుడు దాన్ని చూసి 'ఆయన ఎందుకు ఏడుస్తున్నాడు' అని అడిగింది.

ఇంత బాధ తెలిసిన దేశమే 2002 జనవరి 11న గ్వాంటనామో జైలు తెరిచింది. మొత్తం మీద దాదాపు 780 మంది అందులోకి వెళ్లారు. వీళ్లు యుద్ధఖైదీలు కారు, జెనీవా హక్కులు వీళ్లకు లేవు అని ప్రభుత్వం ముందే ప్రకటించింది. సెప్టెంబర్ 11 దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మహమ్మద్‌ను 2003 మార్చిలో పట్టుకుని, ఆ ఒక్క నెలలోనే 183 సార్లు ముఖం మీద గుడ్డ వేసి నీళ్లు పోశారు, మునిగి చస్తున్నట్టు ఊపిరి అందకుండా.

బెజవాడ తమ్ముడూ, తల్లుల కడుపు చల్లబడాలి అన్నావు కదా. ఆ కేసులో ఇరవై ఏళ్లు దాటినా విచారణ ముగిసి తీర్పు రాలేదు. హింసపెట్టి రాబట్టిన మాటలను కోర్టులో ఏం చేయాలన్న దగ్గరే లాయర్లు ఏళ్లకేళ్లుగా వాదిస్తున్నారు. ఆ టవర్లలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్లో కొందరు తీర్పు చూడకుండానే పోయారు.

మన్యం_మాస్టారు
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా. రమ గారు చెప్పిన 1948కి మనం పెట్టుకున్న పేరేమిటి? 'పోలీసు చర్య'. ట్యాంకులు, విమానాలు దించినా పోలీసు చర్యే. టెక్సాస్ గారి గ్వాంటనామోలో 'వీళ్లు యుద్ధఖైదీలు కారు' అన్నారు. చెయ్యి ఎత్తే ముందు పేరు మార్చడం ఒకటుంది చూడండి, నాకు కెమెరా కంటే అదే ఎక్కువ భయం.

నేను ఏజెన్సీలో బడిపంతుల్ని. అల్లూరి పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ ఎవరో ఒక పిల్ల అడుగుతుంది, 'పట్టుకున్నాక కోర్టుకు ఎందుకు తీసుకెళ్లలేదు మాస్టారూ' అని. 1924 మే 7, కొయ్యూరు. పట్టుకున్నారు, చెట్టుకు కట్టారు, మేజర్ గుడాల్ కాల్పించాడు. విచారణ లేదు, సాక్షి లేడు. తప్పించుకోబోతే కాల్చామని కాగితాల్లో రాసుకున్నారు. రెండేళ్లపాటు మలబార్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దించి పోరాడినా వాళ్ల లెక్కలో అది యుద్ధం కాదు, పితూరీ. యుద్ధం కానప్పుడు యుద్ధఖైదీ ఎక్కడుంటాడు?

1945 నవంబర్‌లో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లను నిలబెట్టినప్పుడు బ్రిటిష్ వాళ్లు మళ్లీ పేరు దగ్గరే మొదలుపెట్టారు, రాజద్రోహులు అని. వాళ్ల లాయరు భూలాభాయ్ దేశాయ్ వాదనంతా ఆ పేరు మీదే నడిచింది. బానిసత్వంలో ఉన్న ప్రజలకు స్వేచ్ఛ కోసం యుద్ధం చేసే హక్కు అంతర్జాతీయ చట్టంలో ఉంది, వీళ్లు సైనికులు అని. ప్రవాస శిక్ష వేసి కూడా 1946 జనవరిలో రద్దు చేసి వదిలేయాల్సి వచ్చింది. వాళ్లకు లాయరు ఉన్నాడు, తేదీ ఉంది, రాసుకోవడానికి పత్రికలవాళ్లున్నారు. కొయ్యూరులో ఇవేవీ లేవు. రాజుకు అప్పటికి 27 ఏళ్లు కూడా నిండలేదు.

ఓరుగల్లు_రమ
మాస్టారూ, పేరు మార్చడం అన్న మాట నిజం. మా ఇంట్లో ఇప్పటికీ 'మిలిటరీ వచ్చినప్పుడు' అంటారు. 'పోలీసు చర్య' అన్నమాట మా నాయనమ్మ నోట ఒక్కసారి కూడా వినలేదు.

బెజవాడ_కుర్రాడు
అల్లూరి గురించి చదివాక నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. విచారణ ఉండాలి. కొట్టకూడదు, చంపకూడదు. టెక్సాస్ అన్న చెప్పిన కేసు సంగతి నాకు తెలియదు, అది ఆలోచించాల్సిందే.

కానీ సౌకర్యాల మాట? పనామా నియంత నొరీగాకు అమెరికా జైల్లో విడిగా గది, టీవీ, వ్యాయామం సామాన్లు ఇచ్చారట. మాదకద్రవ్యాల వ్యాపారం చేసినవాడికి! మన జైళ్లలో ఫైన్ కట్టలేక కూర్చున్న బీదవాడికి దుప్పటి కూడా సరిగా ఉండదు.

లాయరు_అక్క
బీదవాడి దుప్పటి గురించి నీకంటే నాకు ఎక్కువ కోపం, రోజూ చూస్తున్నా. దాన్ని బాగుచేయడానికి నొరీగా గది లాక్కోనక్కర్లేదు.

నొరీగా యుద్ధఖైదీయేనని 1992లో అమెరికా కోర్టే చెప్పింది. అందుకే యూనిఫాం వేసుకోనిచ్చారు, మర్యాద ఇచ్చారు. శిక్ష మాత్రం తప్పలేదు, 40 ఏళ్లు వేశారు, తర్వాత 30కి తగ్గించారు. అక్కణ్నుంచి ఫ్రాన్స్‌కు, ఫ్రాన్స్ నుంచి పనామాకు, జైలు నుంచి జైలుకే వెళ్లాడు. యుద్ధఖైదీ అయితే నేరం మాఫీ అవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. శిక్ష పడ్డాక కూడా ఆ హక్కులు ఉంటాయి, హక్కులు ఉన్నాయని శిక్ష ఆగదు.

బెజవాడ_కుర్రాడు
సరే అక్కా. కానీ హలబ్జా తల్లి ఆ టార్చి వీడియో చూసి నవ్వితే నేను మాత్రం తప్పు పట్టను.

నర్సు_విజయ
నేనూ పట్టను తమ్ముడూ. ఆమె నవ్వొచ్చు. రాజమండ్రిలో కూర్చుని మనం ఎందుకు నవ్వుతున్నాం అన్నది కదా గోదావరి గారి ప్రశ్న.

గోదావరి_గట్టు
సరిగ్గా అదే విజయ గారూ.

పొద్దున బావమరిదికి ఫోన్ చేశా. చట్టం చెప్పలేదు, మీ ట్రే సంగతి చెప్పా. అవతల కాసేపు మాట లేదు. తర్వాత 'అభినందన్ అప్పుడు మా అమ్మ ఏడ్చింది బావా' అన్నాడు. మధ్యాహ్నానికి వీడియో తీసేశాడు. కింద విడిగా పెట్టిన నవ్వే బొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి, దేనికి నవ్వారో తెలియకుండా.

మాధవరం గారూ, ఒకటి అడగాలని ఉంది. మీ నాన్నగారికి మొదట్లో ఒళ్లు మండేదన్నారు. తర్వాత ఆ కోపం పోయిందా?

మిలిటరీ_మాధవరం
పూర్తిగా పోలేదండీ. బంగ్లాదేశ్ మాట ఎత్తితే చివరిదాకా ముఖం మారిపోయేది.

కానీ ఒకటి చెప్పేవాడు. ఖైదీల ఉత్తరాలు క్యాంపు ఆఫీసులో చదివి పంపాలి. అన్నీ ఉర్దూ. అక్కడ హైదరాబాద్ క్లర్కు ఒకాయన ఉండేవాడట, ఆయన చదివేవాడు. రాత్రి డ్యూటీ అయ్యాక ఇద్దరూ తెలుగులో మాట్లాడుకునేవాళ్లు, అంత దూరంలో తెలుగు వినపడితే ప్రాణం లేచివచ్చేదట. ఏం రాస్తారు వీళ్లు, మనల్ని తిడతారా అని నాన్న అడిగాడు. ఆయన నవ్వి, ఒక్కణ్నీ తిట్టరు, మొన్న ఒకడు రెండు పేజీలు గేదె గురించే రాశాడు అన్నాడట. చూలుగేదెను వదిలి వచ్చాడు. ఈనిందా, దూడ పెయ్యా దున్నా, పాలు ఎవరు పిండుతున్నారు, వాడి గొడవంతా అదే.

ఉత్తరం వెళ్లింది. జవాబు వచ్చేలోపు నాన్న యూనిట్ మారిపోయింది. మా ఇంట్లో గేదె ఈనినప్పుడల్లా ఆ మాట తెచ్చేవాడు, 'వాడి గేదె ఏం ఈనిందో' అని.